డాన్యూబు గట్టున సైకిలు దారి

ఈ మాసమున మాకు చేరిన జాబులలో ఒకటి మమ్ము చాల దినములు వదలలేదు. వ్రాసినవారు కోనసీమకు చెందిన ఒక సోదరి. వయస్సు 52 సంవత్సరములు. బాల్యమున కాలువగట్టు వెంట సైకిలు త్రొక్కుకొని పొరుగూరి ఉన్నత పాఠశాలకు పోయి చదువుకొన్నవారు. వివాహమైన పిదప ఆ సైకిలు పుట్టింటి వసారాలోనే ఉండిపోయినది. తరువాత దానినెవరు తీసికొనిపోయిరో వారికి తెలియదు. ఇప్పుడు వారి కుమార్తె జర్మనీలో పైచదువు చదువుచున్నది. రానున్న వేసవిలో తల్లిని తనకడకు రప్పించుకొని, డాన్యూబునది వెంట పస్సౌ పట్టణము నుండి వియన్నా నగరము వఱకు ఇద్దఱును సైకిళ్లపై పోవలెనని ఆ బిడ్డ కోరిక.

"అమ్మాయి ఒక పటము పంపినది. అందులో నదికి ఇరువైపుల రెండు గీతలు గీచియున్నవి. ఏది దారియో నాకు బోధపడలేదు. భాష తెలియని దేశములో అంతదూరము దారి కనుగొనుట ఎట్లు? ఇంటిలోనివారు విని నవ్వుచున్నారు. మా అత్తగారు మాత్రము ఏమియు అనక ఊరకున్నారు. నేను పోవచ్చునా? పోయినచో దానికి కావలిగా పోవుటయా, తోడుగా పోవుటయా?" అని ఆ సోదరి వ్రాసినారు.

ఇందు ప్రశ్నలు రెండు. మొదటిది దారిని గూర్చినది; రెండవది తల్లీబిడ్డలను గూర్చినది. దారి తెలిసినకొలది భయము తగ్గును గనుక మొదటిదానినే ముందుగా తీసికొందము. ఇతర సోదరీమణులలోను విదేశములందు బిడ్డలున్నవారు అనేకులు గలరు. వారికిని ఇది పనికివచ్చునని తలచుచున్నాము.

డాన్యూబు ఐరోపాఖండమున పేరుపొందిన మహానది. జర్మనీ నైరృతిభాగమున నల్లయడవి యనెడి కొండలలో పుట్టిన బ్రిగాఖ్, బ్రెగ్ అను రెండు వాగులు దోనౌఎషింగెన్ ఊరివద్ద కలిసి డాన్యూబు అగుచున్నవి. అచటినుండి తూర్పుగా సుమారు 2,850 కిలోమీటర్లు ప్రవహించి నల్లసముద్రమున కలియును. పది దేశములను తాకుచు, వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్టు, బెల్‌గ్రేడు అను నాలుగు రాజధానుల గుండ పోవుచున్నది. మన గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. దానితో పోల్చుకొన్నచో డాన్యూబు ఎంత పొడవైనదో తెలియును.

ఈ నది పొడవంతయు పోవలెననిన నెలలు పట్టును. అట్లు పోవువారును కలరు. ఐరోపాలోని సైకిలువారి సంఘముల సమాఖ్య ఆ ఖండమంతట దూరప్రయాణపు సైకిలు మార్గములు కొన్నిటిని గుర్తించి వానికి సంఖ్యలు పెట్టినది. అందులో 6వ మార్గము ఫ్రాన్సుదేశపు అట్లాంటిక్ తీరమునుండి బయలుదేరి, ల్వార్ నది, రైన్ నది, పిమ్మట డాన్యూబు నది వెంట సాగి, రుమేనియాలో నల్లసముద్రము చేరును. దాని పొడవు 4,000 కిలోమీటర్లకు పైబడినది. మన సోదరి కుమార్తె ఎన్నుకొన్నది అందులో ఒక చిన్న తునక. పస్సౌ నుండి వియన్నాకు దారి పొడవు సుమారు 325 కిలోమీటర్లు. కొత్తవారును, పిల్లలను వెంటబెట్టుకొని పోవు కుటుంబములును, వయస్సు మీఱినవారును తఱచుగా పోవునది ఈ భాగమే. బిడ్డ తెలియక ఎన్నుకొనలేదు.

ఈ దారి సుగమముగా నుండుటకు కారణము దాని చరిత్రలోనే యున్నది. పూర్వము ఆవిరి యంత్రములు లేని కాలమున సరకుల ఓడలు ప్రవాహముతో దిగువకు తేలిపోయెడివి. ఎగువకు పోవలెననిన మాత్రము గట్టున పదులకొలది గుఱ్ఱములను కట్టి మోకులతో లాగించెడివారు. గుఱ్ఱములు నడచుటకు నీటి ప్రక్కనే చదునైన బాట యుండవలెను. 1830 మొదలు ఆవిరి ఓడలు వచ్చుటతో గుఱ్ఱముల పని క్రమముగా తీఱిపోయినది. బాట మాత్రము మిగిలినది. నదిని కనిపెట్టుకొనియుండు ఉద్యోగులు చాలకాలము దానిని వాడుకొనిరి. 1980 తరువాతి సంవత్సరములలో ఆస్ట్రియావారు ఆ బాటలనే బాగుచేసి, తెగినచోట్ల కలిపి, సైకిళ్లకు తెఱచిరి. ఓడను లాగెడి గుఱ్ఱము ఎక్కలేని నిట్టమెట్ట ఆ బాటలో ఉండరాదు గదా! అందుచేతనే నేటికిని అది దాదాపు అంతయు సమతలము. పస్సౌ నుండి వియన్నాకు నది దిగునది 150 మీటర్లకు లోపే. ఆ దిగుడును 300 కిలోమీటర్లకు పైగా పంచబడియున్నందున కాలికి ఎత్తుపల్లములు తెలియవు.

కోనసీమ సోదరికి ఈ సంగతి వింతగా తోపదు. 1847 మొదలు 1852 వఱకు కాటన్‌దొరగారు ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టించిన పిదప త్రవ్విన డెల్టా కాలువలు పొలములకు నీరిచ్చుటకే గాక పడవలు నడుచుటకును ఉద్దేశింపబడినవి. గాలి లేనప్పుడు మనుష్యులు గట్టున నడచుచు త్రాటితో పడవను లాగెడివారని పెద్దలు చెప్పుదురు. అమ్మా, మీరు బాల్యమున సైకిలు త్రొక్కిన గట్టు అటువంటిదే. అక్కడ గుఱ్ఱములు లాగినవి, ఇక్కడ మనుష్యులు లాగినారు, భేదమంతయే. నదివెంట సైకిలు దారిని ఎవరును క్రొత్తగా కల్పింపలేదు. నదిని నమ్ముకొని బ్రతికినవారు నడచి నడచి వేసిన బాటను మనము కనుగొనుచున్నాము.

ఇక పటములోని రెండు గీతల విషయము. రెండును దారులే. ఇచ్చట కనుగొనవలసినది ఊరు కాదు, దిక్కు కాదు; ఏ పూట ఏ గట్టున నుండవలెనో అది. నదిని చూచుచు పోవువానికి దిక్కు తప్పదు. గట్టు తప్పినచో మాత్రము ఒక్కొక్కప్పుడు ముందుకు దారి యుండదు, లేదా లారీలు తిరుగు రాజమార్గములో చిక్కుకొనవలసివచ్చును. మూడు ఉదాహరణములు చెప్పెదము.

పస్సౌ నుండి సుమారు 45 కిలోమీటర్ల దూరమున ష్లోగెన్ అను చోట నది గట్టి శిలలగు కొండలకు తగిలి, వచ్చిన దిక్కునకే మరలినట్లు గొప్ప మలుపు తిరుగును. అచట ఉత్తరపు గట్టున కొండ నిలువుగా నీటిలోనికి దిగియుండుటచేత కొంతదూరము బాట లేదు. ఆ గట్టున పోవువారు సైకిళ్లతోకూడ చిన్నపడవ నెక్కి ఆ భాగమును దాటవలెను. దక్షిణపు గట్టున బాట తెగక సాగును. పడవ నడువని వేళ ఉత్తరపు గట్టున చిక్కినవారికి వెనుకకు మరలుటకంటె గతిలేదు.

రెండవది లింట్జ్ నగరమునకు ముందు. దక్షిణపు గట్టున బండ్ల రద్దీ హెచ్చు గనుక చాలమంది ఒట్టెన్స్‌హైమ్ అను ఊరివద్ద పంటుమీద నదిని దాటి ఉత్తరపు గట్టున నగరము ప్రవేశింతురు. ఈ పంటు చూడదగినది. దానికి ఇంజను బలము అక్కఱలేదు. నదికి అడ్డముగా పైన కట్టిన ఉక్కుత్రాటికి పంటును తగిలించి, దానిని ప్రవాహమునకు ఏటవాలుగా త్రిప్పుదురు. నీటి ఒత్తిడియే దానిని ఆవలిగట్టునకు నెట్టుకొనిపోవును. ఇట్టివి దిగువను వాఖౌ లోయలో స్పిట్జ్ వద్దను వైసెన్‌కిర్ఖెన్ వద్దను కూడ కలవు. గోదావరి రేవులలో పంటులెక్కినవారికి ఇది చూచుట వేడుకగా నుండును.

మూడవది విద్యుత్తు ఆనకట్టలు. పస్సౌ దాటినది మొదలు వియన్నా వఱకు నదికి అడ్డముగా అనేకములైన జలవిద్యుత్ కేంద్రములు కట్టబడినవి. యోఖెన్‌స్టైన్, ఇబ్స్-పెర్సెన్‌బోయిగ్, ఆల్టెన్‌వోర్త్ మున్నగు వాని మీదుగా సైకిలుతో ఆవలిగట్టునకు పోవచ్చును. వంతెన దూరమైనప్పుడు ఇవియే వంతెనలు.

కావున ప్రతిదినము రాత్రి పండుకొనుటకు ముందు తల్లీకూతుళ్లు పటము ముందు పెట్టుకొని రెండు సంగతులు నిశ్చయించుకొనవలెను. రేపు ఏ గట్టున బయలుదేరుట? ఎచట దాటుట? పడవపై దాటవలసియున్నచో అది ఎన్నిగంటలకు మొదలై ఎన్నిగంటలకు ఆగునో బసయింటివారిని అడుగవలెను. సైకిలువారికొఱకే అచ్చువేసిన పటముల పుస్తకములు అచట దొరకును. చేతిఫోనులోని పటము నమ్మదగినదే గాని వానలో తడిసినప్పుడును, విద్యుత్తు అయిపోయినప్పుడును కాగితపు పటమే దిక్కు. దారిలో నీలిరంగు పలకమీద నక్షత్రముల వలయము నడుమ 6 అంకె కనబడినచో అదియే మన మార్గము.

మఱియొక గుర్తు కలదు. డాన్యూబు దూరమును పుట్టినచోటినుండి గాక సముద్రముఖమునుండి లెక్కింతురు. నల్లసముద్రమువద్ద సున్న. ఎగువకు పోయినకొలది సంఖ్య పెరుగును. ఓడవారికొఱకు గట్టున కిలోమీటరు పలకలు నాటియుందురు. పస్సౌవద్ద ఆ సంఖ్య సుమారు 2,226. వియన్నావద్ద సుమారు 1,929. ఇవి నదీమార్గపు కొలతలు గనుక బాట పొడవు వీనికంటె కొంచెము హెచ్చు. ఏ పలక చూచినను సంఖ్య తగ్గుచున్నచో మీరు సరిగానే పోవుచున్నారు. భాష రానివారికిని అంకెలు వచ్చును గదా!

ఇక దినచర్య. తొందరపడక ఏడు దినములలో పోవుటకు మేము ఇట్లు విభజించుచున్నాము. దూరములు ఉజ్జాయింపు.

మొదటిదినము పస్సౌ నుండి ష్లోగెన్, 45 కిలోమీటర్లు. బయలుదేరుటకు ముందు పస్సౌలో ఒక పూట ఆగి మూడు నదుల సంగమము చూడుడు. డాన్యూబులో ఒకవైపు ఇల్జ్, మఱియొకవైపు ఇన్ కలియును. ఇల్జ్ నీరు నల్లగాను, ఆల్ప్సు మంచునుండి వచ్చు ఇన్ నీరు లేతగాను కొంతదూరము వేఱువేఱుగా కనబడును. ఏటి సరాసరిన ఇన్ తెచ్చు నీరు డాన్యూబు నీటికంటె హెచ్చు. అయినను పేరు డాన్యూబునకే దక్కినది.

రెండవదినము లింట్జ్ వఱకు 50 కిలోమీటర్లు. మూడవదినము గ్రైన్ వఱకు 60. ఇది అన్నిటిలో పొడవైనది గనుక తెల్లవాఱగనే బయలుదేరవలెను. ఈనాటి దారిలో లింట్జునకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున మౌట్‌హౌజెన్ వచ్చును. ఊరు అందమైనది. ఊరిపైనున్న కొండమీద 1938 నుండి 1945 వఱకు నాజీలు బందీల శిబిరమును నడపిరి. దానిలోను దాని శాఖలలోను సుమారు 1,90,000 మందిని నిర్బంధింపగా 90,000 మందికి తక్కువగాక మరణించిరి. బందీలచే రాళ్లు మోయించిన గనియు, దాని 186 మెట్లును నేటికిని నిలిచియున్నవి. ఈ కొండయెక్కుట సైకిలునకు కష్టము. మనస్సునకు అంతకంటె కష్టము. విహారమునకు పోయి ఇది యేల అని కొందఱు దాటిపోదురు. మేము మాత్రము ఆగి చూడుమనియే చెప్పెదము. అంత అందమైన నది ఒడ్డున మనుష్యులు అంతపని చేయగలిగిరని బిడ్డయు తల్లియు కలిసి తెలిసికొనుట మంచిది. ఆనాడు 60 కిలోమీటర్లు హెచ్చనిపించినచో మౌట్‌హౌజెన్‌లోనే రాత్రి నిలిచి, ప్రయాణమును ఎనిమిది దినములు చేసికొనవచ్చును.

నాల్గవదినము మెల్క్ వఱకు 50 కిలోమీటర్లు. అచట కొండకొనమీద 1089లో స్థాపితమైన బెనెడిక్టు మఠము కలదు. ఇప్పుడు కనబడు పసుపువన్నె సౌధము 1702 మొదలు 1736 వఱకు కట్టబడినది. చాలదూరమునుండియే నదిమీదికి వంగి చూచుచున్నట్లుండును.

అయిదవదినము క్రెమ్స్ వఱకు 35 కిలోమీటర్లు మాత్రమే. ఇదియే వాఖౌ లోయ. 2000 సంవత్సరమున యునెస్కోవారు దీనిని ప్రపంచ వారసత్వ ప్రదేశములలో చేర్చిరి. కొండవాలున సున్నము పెట్టక పేర్చిన రాతిగోడల మెట్లపై ద్రాక్షతోటలు, క్రింద సీమబాదముజాతికి చేరిన ఆప్రికాటు పండ్లతోటలు. వేసవి నడుమ ఆ పండ్లు పండును. పండును పిండిముద్దలో పొదిగి ఉడికించి, వేయించిన రొట్టెపొడిలో దొర్లించి పెట్టుదురు. మన పూర్ణము ఎఱిగినవారికి ఆ నేర్పు వెంటనే తెలియును. ఇచట రెండు గట్టులందును బాట కలదు. ఉత్తరపు గట్టున ఊళ్లును జనమును హెచ్చు; దక్షిణపు గట్టు నెమ్మది. మేమైనచో ఉత్తరపు గట్టునే పోదుము. ఏలననగా ఆ గట్టుననే విల్లెన్‌డోర్ఫ్ అను పల్లె కలదు. 1908లో అచట త్రవ్వకములలో సున్నపురాతితో చెక్కిన స్త్రీమూర్తి యొకటి దొరకినది. ఎత్తు 11 సెంటీమీటర్లు, అరచేతిలో ఇముడును. వయస్సు సుమారు 30,000 సంవత్సరములు. పల్లెలో దాని నకలును, వియన్నా ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో అసలును చూడవచ్చును. అదే గట్టున డ్యూర్న్‌స్టైన్ కొండపైని పాడుబడిన కోటలో ఇంగ్లండు రాజగు మొదటి రిచర్డును 1192-93 చలికాలమున బంధించియుంచిరి.

ఆఱవదినము తుల్న్ వఱకు 45 కిలోమీటర్లు. ఆల్టెన్‌వోర్త్ ఆనకట్టమీద దక్షిణపు గట్టునకు దాటిన తరువాత త్స్వెంటెన్‌డోర్ఫ్ అను చోట పెద్ద అణువిద్యుత్ కేంద్రము కనబడును. కట్టడము పూర్తియైనది గాని ఒక్కదినమైనను పనిచేయలేదు. 1978 నవంబరులో దేశప్రజల సమ్మతి అడుగగా 50 శాతమునకు కొంచెము మించినవారు వలదనిరి. ఏడవదినము దక్షిణపు గట్టుననే క్లోస్టర్‌నోయిబుర్గ్ మఠము మీదుగా వియన్నాకు 40 కిలోమీటర్లు. నగరముచెంత వఱదనీటి కొఱకు క్రొత్తపాయ త్రవ్వి, ఆ మట్టితో ఏర్పఱచిన 21 కిలోమీటర్ల పొడవైన లంక యొకటి కలదు. అందు నగరవాసులు సాయంకాలములందు సైకిళ్లు త్రొక్కుచుందురు. మీరును వారిలో కలియుదురు.

ఈ దారిలో మాకు మిక్కిలి నచ్చిన సుగుణ మొకటి చెప్పెదము. నదివెంట దారిలో చాలభాగమున రైలుమార్గములు సమీపముననే యున్నవి. మోకాలు నొచ్చినను, వాన పట్టినను, సైకిలు చెడినను తరువాతి పెద్దయూరినుండి రైలెక్కి ముందుకు పోవచ్చును. వియన్నానుండి పస్సౌకు వేగపు రైలు సుమారు రెండున్నర గంటలలో చేర్చును. ఏడుదినములు త్రొక్కిన దారి రెండున్నర గంటలలో వెనుకకు పోవుట చూచి నవ్వుకొందురు. సైకిళ్లను రైలులో ఎక్కించుటకు ముందుగా చోటు కుదుర్చుకొనవలెను. పస్సౌలో సైకిళ్లు అద్దెకు దొరకును. సామానును ఒక బసనుండి మఱియొక బసకు చేర్చు వ్యాపారులును కలరు. విద్యుత్తు సాయముతో నడచు సైకిలు తీసికొన్నచో శ్రమ సగమగును. అందులో చిన్నతన మేమియు లేదు.

ఇక జాగ్రత్తలు. అచట బండ్లు కుడిప్రక్కన నడచును. మన కాలును చేయియు ఎడమప్రక్కకు అలవాటుపడినవి. నిర్జనమైన బాటపై మఱచి ఎడమకు జరుగుట సహజము. ఎదురుగా వేగముగా వచ్చువారితో ఢీకొను ప్రమాదమును అచటనే. కావున మొదటి రెండుదినములు కుమార్తెను ముందు పోనిచ్చి ఆమె చక్రమునే అనుసరింపుడు. చీర గొలుసులో చిక్కుకొనును. సల్వారైనను మడమవద్ద బిగియ కట్టుకొనవలెను. నడుమ దండె క్రిందికి దిగియున్న సైకిలును కోరి తీసికొనుడు. తలకు శిరస్త్రాణము పెట్టుకొనుడు. మే నెల మొదలు సెప్టెంబరు వఱకు కాలము అనుకూలము. జూనులో రాత్రి తొమ్మిదివఱకును వెలుతురు తగ్గదు. పడమటిగాలి తఱచుగా వీచును గనుక పస్సౌనుండి వియన్నాకు పోవువారికి గాలి వీపునకు తగులును. అందుచేతనే అందఱును ఆ దిక్కున పోవుదురు.

నది నదియే యని మాత్రము మఱవరాదు. 2013 జూనులో పస్సౌవద్ద నీటిమట్టము 12.89 మీటర్లకు పెరిగి పాతపట్టణము మునిగినది. 2024 సెప్టెంబరులో దిగువ ఆస్ట్రియాలో గొప్ప వఱద వచ్చినది. బయలుదేరు వారమున నీటిమట్టము విచారింపవలెను. బాట మూసి ప్రక్కదారి చూపు పలక పెట్టినచో దానిని త్రోసిపుచ్చి ముందుకు పోరాదు.

జర్మనీ, ఆస్ట్రియా రెండును షెంజెన్ ఒడంబడికలో చేరినవి గనుక వీసా ఒక్కటే చాలును. అయినను సరిహద్దున తనిఖీలుండవచ్చును గనుక పాస్‌పోర్టు దగ్గఱనుండవలెను. బిడ్డకొఱకు నేయి, పాలకోవా మూటగట్టుకొని పోదమని తోచును. మాంసమును, పాలతో చేసిన పదార్థములను బయటిదేశములనుండి వెంట తెచ్చుకొనుటను ఐరోపావారు నిషేధించిరి. కారప్పొడియు పులిహోరపొడియు తీసికొనిపొండు. శాకాహారులకు రొట్టె, ఆలుగడ్డలు, జున్ను, కూరగాయల పులుసు ఎచటనైనను దొరకును. ఆదివారములందు అంగళ్లు మూసియుండును గనుక శనివారముననే కావలసినవి కొనియుంచుకొనుడు.

ప్రయాణమునకు మూడునెలల ముందే సాధన మొదలుపెట్టవలెను. వైద్యునికి ఒకసారి చూపించుకొనుడు. పిమ్మట ఒక సైకిలు సంపాదించి, ఉదయము ఎండ రాకముందు కాలువగట్టున మొదట 5 కిలోమీటర్లు, క్రమముగా 20, తుదకు 40 త్రొక్కుడు. కూర్చుండు చోట నొప్పి మొదటివారమున అందఱకును కలుగును, దానికి భయపడవలదు. ఊరివారు రెండుదినములు చూచెదరు, మూడవదినమున వారి పనిలో వారుందురు.

ఇక రెండవ ప్రశ్న. సోదరీ! కావలిగా పోవలదు. మీ బిడ్డ పరదేశమున ఒంటరిగా ఇల్లు నడుపుకొని, చదువుకొనుచు, ఇన్ని దినములు నెగ్గుకొని వచ్చినది. దారి, భాష, రైలు, బస, అన్నియు ఆమెకే తెలియును. ఆ ఏడుదినములు ఆమె ముందును మీరు వెనుకను పోవలసియుండును. ఇన్ని సంవత్సరములు చేయి పట్టుకొని నడిపించినవారికి అది అంత సులువు కాదని మేమెఱుగుదుము. ఆమె తప్పుదారి పట్టినను వెంటనే కేకవేయకుడు. రెండు కిలోమీటర్లు తప్పినంతమాత్రమున మునిగిపోవునది లేదు. గట్టున సంఖ్య చూచి ఆమెయే మరలును. మీరు అలసినప్పుడు అలసితినని దాచక చెప్పుడు. తల్లి అలసటను బిడ్డ ఎన్నడును చూడకుండునట్లు మన ఇండ్లలో దాచుదుము. ఆ దాపరికమువలన బిడ్డలకు మేలు జరుగదు. కలిసి చెట్టుక్రింద కూర్చుండి నీరు త్రాగిన పూటలలో మాటలు వానియంతట అవియే వచ్చును.

ఇంటిలోనివారు నవ్వుచున్నారని వ్రాసినారు. నవ్వనిండు. పదిదినములు మీరు లేనిచో అన్నము వండుకొనుట, అత్తగారికి మందులు వేళకిచ్చుట ఎవరి పనియో ఇప్పుడే కూర్చుండి తేల్చుకొనుడు. ఆ పని పంచుకొన్న దినమున నవ్వు ఆగిపోవును. అత్తగారు ఊరకుండిరనియు వ్రాసినారు. ఊరకుండుట కాదనుటయని ఏల తలచవలెను? ఒక మధ్యాహ్నము ఆమె కడ కూర్చుండి, పటము ముందు పఱచి, పడవలను లాగించిన గుఱ్ఱముల సంగతి చెప్పి చూడుడు. కాలువలో పడవలు తిరిగిన దినములు ఆమె చూచియుండవచ్చును. మీరు ఆమెను అనుమతి మాత్రమే అడిగియుందురు. ఆమెకు తెలిసినది ఎవరైన అడిగినారో లేదో.

పోయి రండు. తిరిగి వచ్చిన పిదప ఏ గట్టున పోయితిరో, ఎచట దాటితిరో మాకు వ్రాయుడు. మేము పటము చూచి వ్రాసితిమి; మీరు త్రొక్కి వ్రాసినది తరువాత పోవు సోదరీమణులకు ఇంతకంటె ఎక్కువ ఉపకరించును. ఆ జాబును ఈ పుటలలోనే ప్రచురింతుము.